పావ్‌లోవ్ కుక్కకు పేరుండేదా? ప్రయోగాల్లోని జంతువుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

టెట్, డీఎస్సీకి చదివేవాళ్ళందరికీ ఈ వరస నోటికి వచ్చు. పావ్‌లోవ్ అంటే కుక్క, థార్న్‌డైక్ అంటే పిల్లి, స్కిన్నర్ అంటే ఎలుక, పావురం, కోహ్లర్ అంటే చింపాంజీ. "జతపరచండి" అని ఇస్తే కళ్ళు మూసుకుని జతపరిచేస్తారు. చాలా ఏళ్ళుగా సైకాలజీ పాఠం చెబుతున్నాను. ఏటా ఏదో ఒక బ్యాచ్‌లో ఒకరు లేచి "సార్, తర్వాత ఆ కుక్క ఏమైంది?" అని అడుగుతారు. క్లాసంతా నవ్వుతుంది. సిలబస్‌లో లేదు కాబట్టి నేనూ ఏదో రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్ళిపోయేవాణ్ణి. అలా దాటేసిన ప్రశ్నలన్నింటికీ ఇక్కడ కాస్త తీరిగ్గా జవాబులు రాశాను.

పావ్‌లోవ్ కుక్క ఒక్కటేనా? దాని పేరేమిటి?

ఒక్కటి కాదు, దశాబ్దాల పాటు ఎన్నెన్నో కుక్కలు. ఇవాన్ పావ్‌లోవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ప్రయోగాత్మక వైద్య సంస్థలో పనిచేసేవాడు. ఆయన అసలు సైకాలజిస్టే కాదు, శరీరధర్మ శాస్త్రవేత్త. 1904లో నోబెల్ వచ్చింది కూడా జీర్ణక్రియ మీద చేసిన పనికే. కుక్కలకు పేర్లుండేవి. అన్నింట్లోకీ పేరున్నది ద్రుజోక్. రష్యన్‌లో ఆ మాటకు 'చిన్ని నేస్తం' అని అర్థం. జీర్ణాశయంలో ఒక ముక్కను విడిగా చిన్న సంచిలా కుట్టి, అందులో ఊరే రసాన్ని బయటి నుంచి చూసే ఆపరేషన్‌ను పావ్‌లోవ్ చాలా కుక్కల మీద ప్రయత్నించాడు. అవి చనిపోతూ వచ్చాయి. తట్టుకుని బతికింది ద్రుజోక్.

గంట మోగించి తిండి పెడుతూ ఉంటే కొన్నాళ్ళకు ఉత్త గంటకే కుక్క నోరూరుతుందన్నది మన పాఠం. పుస్తకంలో బొమ్మ చూసి కుక్క ముందు గిన్నె, పక్కన గంట, అంతే అనుకుంటాం. నిజానికి లాలాజలం కొలవాలంటే ముందు ఆపరేషన్ చెయ్యాలి. లాలాజల గ్రంథి నాళం కొసను నోట్లోంచి చెంప బయటికి తెచ్చి కుట్టేవారు. పుండు మానాక అక్కడ చిన్న గరాటు అంటించి, కారే చుక్కలను లెక్కపెట్టేవారు. కుక్క బల్ల మీద పట్టీల మధ్య నిలబడి ఉండేది.

అంతకుముందు జీర్ణరసాల ప్రయోగాల్లో ఇంకా కష్టం. అన్నవాహికను మెడ దగ్గర కోసి బయటికి తెరిచేవారు. కుక్క తింటూనే ఉంటుంది, తిన్నది మెడలోంచి కింద పడిపోతూ ఉంటుంది, కడుపులో మాత్రం రసం ఊరుతూ ఉంటుంది. ఆ రసాన్ని వడకట్టి, సీసాల్లో పోసి, అజీర్తికి మందుగా అమ్మారు కూడా. ల్యాబ్ ఖర్చులకు అదొక ఆదాయం. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో ఎవరో ఒకరు "ఛీ" అనకుండా ఉండరు.

నిజంగా గంట మోగించాడా?

పరీక్షలో గంట అనే పెట్టండి, మార్కు పోగొట్టుకోవద్దు. ల్యాబ్‌లో ఎక్కువగా వాడినవి మాత్రం టిక్ టిక్‌మనే మెట్రోనోమ్, బజర్, దీపాలు, చర్మం మీద స్పర్శ, కొన్నిసార్లు కరెంటు షాకు. గంట ఎప్పుడూ మోగలేదని కాదు, మన పుస్తకాలు దాన్నే పట్టుకున్నాయి, అంతే.

వరదలో ఆ కుక్కలు మునిగిపోయాయని ఎక్కడో చదివాను. నిజమేనా?

మునిగిపోబోయాయి. 1924 సెప్టెంబరులో నీవా నది పొంగి లెనిన్‌గ్రాడ్ (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరు) నీళ్ళపాలైంది. కుక్కల గదుల్లోకి నీళ్ళు వచ్చేశాయి. బోనుల తలుపులు కింది భాగంలో ఉన్నాయి. నీళ్ళు పైకి వస్తున్నకొద్దీ కుక్కలు పైకప్పు దగ్గర ముక్కు పైకెత్తి ఈదుతున్నాయి. సిబ్బంది వాటిని బయటికి తేవాలంటే ముందు తలను నీళ్ళలో ముంచి ఆ తలుపులోంచి లాగాలి. ప్రాణం కాపాడే చెయ్యే నీళ్ళలోకి నొక్కుతుంటే కుక్కకు ఏమని అర్థమవుతుంది?

తర్వాత చూస్తే కొన్ని కుక్కలు అన్నాళ్ళు నేర్చుకున్నదంతా మర్చిపోయాయి. ఒక కుక్క వారాల తరబడి కోలుకుని మామూలయ్యాక, తలుపు కిందనుంచి ఒక నీటి పాయ గదిలోకి పారేలా చేశారు. అంతే, మళ్ళీ వణుకు, మళ్ళీ అన్నీ మర్చిపోవడం. అందరు మనుషులూ ఒకేలా భయపడనట్టే అన్ని కుక్కలూ ఒకేలా చెదిరిపోలేదు. పావ్‌లోవ్ అక్కడినుంచే కుక్కల స్వభావాల మీద, నరాల జబ్బుల మీద లోతుగా వెళ్ళాడు. వరద వచ్చిన మర్నాడు కుక్కల మొహాలు చూసి దాన్ని కూడా ప్రయోగంగా మార్చుకోగలిగిన మనిషిని మెచ్చుకోవాలో భయపడాలో నాకు ఇప్పటికీ తేలదు.

1935లో ఆ సంస్థ ఆవరణలోనే కుక్కకు ఒక స్మారకం కట్టించారు. దాని మీదున్న కుక్క తలల నోళ్ళలోంచి నీళ్ళు కారుతుంటాయి. ఆలోచించి పెట్టారో, అలా కుదిరిందో!

థార్న్‌డైక్ పిల్లుల సంగతేమిటి?

వీటి గురించి చెప్పడానికి తక్కువే. 1898లో కొలంబియా యూనివర్సిటీలో, పలకలు కొట్టి తయారు చేసిన నాటు పెట్టెల్లో ఆకలిగా ఉన్న పిల్లిని పెట్టి, బయట చేపముక్క ఉంచేవాడు. లోపల గొళ్ళెమో తాడో ఉంటుంది. పిల్లి గీకి, కొరికి, దూరడానికి చూసి, చివరికి పొరపాటున తాడు లాగి బయటపడుతుంది. మన యత్నదోష అభ్యసనం అదే.

నాకు నచ్చేది అంతకుముందు కథ. హార్వర్డ్‌లో చదివేటప్పుడు ఈయన కోడిపిల్లలతో ప్రయోగాలు చేసేవాడు, అదీ అద్దె గదిలో. ఇంటావిడ ఊరుకోలేదు. అక్కడి ప్రొఫెసర్, సైకాలజీలో విలియం జేమ్స్ అంతటి పెద్దాయన తన ఇంటి నేలమాళిగలో ఆ కోడిపిల్లలకు చోటిచ్చాడు. న్యూయార్క్‌కు మారేటప్పుడు బాగా 'చదువుకున్న' రెండు కోళ్ళను థార్న్‌డైక్ బుట్టలో వెంట తీసుకెళ్ళాడు.

లెక్కలు చేసే గుర్రం మోసమా?

హాన్స్ మోసం చెయ్యలేదు, దాని యజమానీ చెయ్యలేదు. బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైర్డ్ టీచర్ తన గుర్రానికి లెక్కలు నేర్పానని నిజంగానే నమ్మాడు. మూడూ రెండూ ఎంత అంటే గుర్రం గిట్టతో ఐదుసార్లు నేలను తట్టేది. 1904లో కమిటీ వేసి చూసినా మోసం కనబడలేదు. 1907లో ఆస్కర్ ప్ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు అసలు రహస్యం పట్టుకున్నాడు. అడిగే మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు! సరైన అంకె వచ్చేసరికి మనిషి తల ఇసుమంత కదులుతుంది, బిగపట్టిన ఊపిరి వదులుతాడు. గుర్రం అది చూసి ఆగిపోతుంది.

మనకు ఇది వింత కాదు. సంక్రాంతికి వాకిట్లోకొచ్చే గంగిరెద్దు "అమ్మగారికి దండం పెట్టు" అనగానే తల వంచడం చూసి పెరిగినవాళ్ళం. కాకపోతే గంగిరెద్దులవాడికి తాను సైగ చేస్తున్నానని తెలుసు. ఫాన్ ఓస్టెన్‌కు తెలియదు. ప్ఫుంగ్‌స్ట్ రుజువు చూపించాక ఆ ముసలాయన కోపమంతా గుర్రం మీదకు మళ్ళింది. 1909లో ఆయన పోయాక హాన్స్ వేరే యజమాని చేతికి, అక్కడినుంచి మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి పోయింది. 1916 తర్వాత దాని జాడ ఎక్కడా లేదు. అన్నట్టు, పరీక్షలు చేస్తున్న రోజుల్లో హాన్స్ ప్ఫుంగ్‌స్ట్‌ను ఒకటికి రెండుసార్లు గట్టిగా కరిచింది.

సుల్తాన్ నిజంగా ఒక్కసారిగా 'ఆహా' అనుకుందా?

అంతర్దృష్టి అభ్యసనం (ఉన్నట్టుండి ఉపాయం తట్టి నేర్చుకోవడం) పాఠంలో సుల్తాన్ అనే చింపాంజీ రెండు కర్రలు కలిపి అరటిపండు అందుకున్నట్టు రాస్తాం. అలాగే జరిగింది, అయితే మధ్యలో గంటకు పైగా గడిచింది. వోల్ఫ్‌గాంగ్ కోహ్లర్ 1913 చివర్లో కానరీ దీవుల్లోని టెనెరిఫ్‌కు వెళ్ళాడు. ఇంతలో యుద్ధం వచ్చి అక్కడే చిక్కుకుపోయాడు. చింపాంజీలు అప్పటి జర్మన్ వలస కామెరూన్ అడవుల్లో పట్టి తెచ్చినవి. గ్రాండె, చికా, రానా, త్షెగో, కోన్సుల్ అని పేర్లు. సుల్తాన్ వాటిలో చురుకైన మగది.

ఆ రోజు సుల్తాన్ ఒక కర్రతో ఇంకో కర్రను పండు వైపు నెట్టింది, పెట్టె లాక్కొచ్చి వెంటనే అవతలికి తోసేసింది. కోహ్లర్ ఒక కర్ర బొంగులో తన వేలు దూర్చి చూపించాడు కూడా. ఐనా బల్బు వెలగలేదు. ఇక లాభం లేదని కోహ్లర్ వెళ్ళిపోయాడు. కాపలావాడు చూస్తుండగా సుల్తాన్ పెట్టె మీద కూర్చుని, ఊరికే ఆడుకుంటూ, సన్నటి వెదురు కొసను లావు వెదురు బొంగులో దూర్చింది. అంతే, లేచి ఊచల దగ్గరికి పరుగు! పండు అందుకోవడంతో ఆగిందా, లేదు. దూరంగా ఉన్న మిగతా పళ్ళను కూడా తినకుండా లాక్కుంటూ పోయింది. కర్ర అతకడంలోనే దానికి మజా వచ్చినట్టుంది.

1920లో ఆ కేంద్రం మూతపడింది. చింపాంజీలను బెర్లిన్ జంతు ప్రదర్శనశాలకు పంపేశారు. ఆఫ్రికా అడవి నుంచి సముద్రపు దీవికి, దీవి నుంచి బెర్లిన్ చలికి.

స్కిన్నర్ పావురాలతో బాంబులు వేయించాడట?

వేయించలేదు, వేయించడానికి శిక్షణ ఇచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలం. మినియాపొలిస్‌లో ఒక పిండిమిల్లు పై అంతస్తులో స్కిన్నర్ బృందం పావురాలను కదలకుండా గుడ్డలో చుట్టి, తెర మీద కనిపించే లక్ష్యం బొమ్మను ముక్కుతో పొడవడం నేర్పింది. పొడిచిన చోటును బట్టి బాంబు దిశ మారుతుంది. పావురాలు తప్పు చెయ్యలేదు. సైనికాధికారులకే నవ్వొచ్చింది, పథకం అటకెక్కింది. స్కిన్నర్ వాటిలో కొన్నింటిని ఇంటి తోటలో గూడు కట్టి ఉంచుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత అదే బొమ్మ చూపిస్తే మళ్ళీ టకటకా పొడిచాయి.

స్కిన్నర్ పెట్టె అంటే జంతువు మీట నొక్కితేనో, బిళ్ళను పొడిస్తేనో గింజ పడే పెట్టె. దాని గురించి పుస్తకాలు చెప్పని విషయం ఆకలి. గింజ కోసం జంతువు పనిచెయ్యాలంటే అది ఆకలిగా ఉండాలి కదా. అందుకని మేత తగ్గించి, బరువు మామూలులో ఎనభై శాతానికి దించి, ఆ బరువులోనే ఉంచేవారు. పాఠంలో 'పునర్బలనం' (ప్రతిఫలమిచ్చి ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం) అనే పెద్ద మాట వెనక ఉన్నది ఖాళీ కడుపు.

ఈ తెల్ల ఎలుకలు ఎక్కడినుంచి వచ్చాయి?

చాలావరకు ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్ నుంచి. 1906 ప్రాంతంలో అక్కడ ప్రయోగాల కోసమే ఒక తెల్ల ఎలుకల జాతిని పెంచడం మొదలుపెట్టారు. ఆ వంశం ప్రపంచమంతా పాకింది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో తరతరాలుగా పెంచుతున్న ఎలుకల జాతి పేరు కూడా విస్టార్‌తోనే మొదలవుతుంది.

ఎలుకల్ని చిట్టడవి దారుల్లో, అంటే తప్పుదారులతో నిండిన 'మేజ్'లో పరుగెత్తించడం 1901కే మొదలైంది. విల్లర్డ్ స్మాల్ ఇంగ్లండ్‌లోని హాంప్టన్ కోర్ట్ తోటలో ఉన్న పొదల చిట్టడవి నమూనాలోనే ఎలుకలకు దారులు కట్టించాడు. 1907లో జాన్ వాట్సన్ ఒక అడుగు ముందుకేశాడు. ఎలుక దేని సాయంతో దారి నేర్చుకుంటుందో తేల్చాలని కొన్నింటికి కళ్ళు తీసేశాడు, కొన్నింటికి చెవులు పనిచెయ్యకుండా చేశాడు, కొన్నింటికి వాసన పోగొట్టాడు, మీసాలు కత్తిరించాడు. ఐనా అవి దారి నేర్చుకున్నాయి. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఎలుకల కోసం జనం కోప్పడటం అరుదు, అప్పట్లో కోప్పడ్డారు.

ప్రయోగం అయ్యాక మామూలుగా ఎలుకను చంపేస్తారు. పేపర్లలో 'చంపాం' అని రాయరు. "శాక్రిఫైస్ చేశాం" అంటారు. మన ల్యాబుల్లోనూ అదే మాట. తెలుగులో చెబితే బలి. మాట మార్చగానే ఎంత తేడా వస్తుందో చూడండి.

హార్లో కోతులు మన దేశానివేనా?

మొదట్లో వచ్చినవి చాలావరకు మన రీసస్ కోతులే. 1950లలో పోలియో టీకా కోసమని, ప్రయోగాల కోసమని మన దేశం నుంచి లక్షల్లో కోతుల్ని విమానాలెక్కించారు. దారిలోనే చచ్చిపోయినవి ఎన్నో. 1978లో భారత ప్రభుత్వం ఎగుమతి పూర్తిగా ఆపేసింది. ఈ రోజు తెలంగాణ ఊళ్ళలో పెంకులు పీకి, మొక్కజొన్న చేలు పాడుచేస్తున్నాయని తిట్టుకునే కోతుల్లో ఈ జాతివీ ఉన్నాయి.

అమెరికాలో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో సైకాలజిస్టు హ్యారీ హార్లో దగ్గరికి వచ్చిన కోతులు జబ్బులతో వచ్చేవి. అందుకని తానే పెంచడం మొదలుపెట్టి, జబ్బు అంటకుండా పిల్లల్ని పుట్టిన కొద్ది గంటల్లోనే తల్లి నుంచి వేరు చేశాడు. అవి పుష్టిగానే పెరిగాయి. కానీ బోనులో పరిచిన గుడ్డను గట్టిగా పట్టుకుని, మార్చడానికి తీస్తే గోల చేసేవి. అందరికీ తెలిసిన గుడ్డ తల్లి, తీగ తల్లి ప్రయోగం ఆ గుడ్డముక్కలోంచి పుట్టింది. బోనులో రెండు బొమ్మ తల్లులు, ఒకటి మెత్తటి గుడ్డ చుట్టినది, ఇంకోటి ఉత్త ఇనప తీగది. పాలు తీగ తల్లి దగ్గరే ఉన్నా పిల్ల తాగడానికి మాత్రమే అక్కడికెళ్ళేది. రోజులో ఎక్కువ గంటలు గుడ్డ తల్లినే కరుచుకుని ఉండేది.

ఒక పిల్ల సంగతి మర్చిపోలేను. అది అనుకున్నదానికంటే ముందే పుట్టేసింది. అప్పటికి బొమ్మ తల్లికి మొహం తయారు కాలేదు, తల స్థానంలో ఉత్త నున్నటి బంతి. మూడు నెలల తర్వాత కళ్ళూ నోరూ ఉన్న అందమైన మొహం పెట్టారు. పిల్ల బెదిరి కేకలు పెట్టింది. తర్వాత ఏం చేసిందంటే, ఆ తలను పట్టుకుని మొహం వెనక్కి పోయేలా తిప్పేసింది. ఎన్నిసార్లు సరిచేసినా మళ్ళీ తిప్పేది. దానికి అమ్మంటే మొహం లేని బంతే.

ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యాయి?

ఇక్కడినుంచి హార్లో పని చీకట్లోకి వెళ్ళింది. నెలల తరబడి, కొన్నింటిని ఏడాది పాటు ఏ ప్రాణీ కనబడకుండా ఉంచారు. బయటికి తీశాక అవి మూల కూర్చుని, తమను తామే వాటేసుకుని ఊగుతుండేవి, తమ ఒళ్ళే కొరుక్కునేవి. అలా పెరిగిన ఆడకోతులకు పిల్లలు పుడితే కొన్ని పట్టించుకోలేదు, కొన్ని కొట్టాయి, చంపేసినవీ ఉన్నాయి. కింద ఇరుకుగా ఉండి పైకి ఎక్కలేని ఒక లోహపు గుంత చేసి హార్లో దానికి 'నిరాశా కూపం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మెత్తటి పేరు పెట్టమని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పినా వినలేదు.

ఒక్క మంచి ముక్క. ఆరు నెలలు ఒంటరిగా ఉన్న కోతుల దగ్గర మూడు నెలల చిన్న పిల్లల్ని వదిలితే, ఆ చిన్నవి వచ్చి వీటిని అతుక్కుని ఆడటం మొదలుపెట్టాయి. కొన్ని నెలల్లో ఆ పెద్దవి చాలావరకు కోలుకున్నాయి.

వీటివల్ల మనుషులకు మేలు జరగలేదా?

జరిగింది. పసిపిల్లలకు పాలు ఒక్కటే చాలదని, ఒళ్ళో పెట్టుకోవడం కూడా ఆహారమేనని హార్లో పని గట్టిగా చెప్పింది. అప్పట్లో అమెరికాలో పిల్లల్ని ఎక్కువ ఎత్తుకోవద్దని చెప్పే నిపుణులు ఉండేవారు మరి. హూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల కనురెప్పలు కుట్టేసి చేసిన ప్రయోగాలకు 1981లో నోబెల్ వచ్చింది. చిన్నప్పుడే కంటి లోపం సరిచెయ్యకపోతే మెదడు ఆ కన్నును వదిలేస్తుందని వాటినుంచే బాగా అర్థమైంది. ఈ రోజు మెల్లకన్ను ఉన్న బిడ్డను "పెద్దయ్యాక చూద్దాం" అనకుండా వెంటనే తీసుకురమ్మని డాక్టర్లు పోరేది అందుకే.

ఐతే నా అభిప్రాయం అడిగితే, గుడ్డ తల్లి ప్రయోగంతో ఆపేసి ఉంటే హార్లోకు నేను దండం పెట్టేవాణ్ణి. తల్లి లేని బిడ్డ తల్లడిల్లుతుందని తెలిసిపోయాక గుంతలో వేసి ఇంకెంత తల్లడిల్లుతుందో చూడటం దేనికి? 1967లో పెన్సిల్వేనియాలో సెలిగ్‌మన్, మైయర్ కుక్కలకు తప్పించుకోలేని షాకులిచ్చి, తర్వాత తప్పించుకునే వీలున్నా మూడింట రెండొంతుల కుక్కలు కదలకుండా పడుకున్నాయని చూపించినప్పుడు, డిప్రెషన్ గురించి కొత్త ఆలోచన వచ్చింది, ఒప్పుకుంటాను. ఆ కుక్కల్ని మెడపట్టీతో మళ్ళీ మళ్ళీ అవతలికి లాగి, తప్పించుకోవచ్చని నేర్పాల్సి వచ్చింది. ఆ భాగం చెప్పేటప్పుడు నేను కాస్త తొందరపడతాను.

సైగలతో మాట్లాడిన చింపాంజీలు తర్వాత ఎలా బతికాయి?

పేరున్నవి రెండు. వాటి బతుకులు రెండు దారులు.

వాషోను ఆఫ్రికాలో పట్టి అమెరికా వైమానిక దళం కోసం తెచ్చారు. 1966లో నెవడాలో గార్డ్‌నర్ దంపతులు దాన్ని తమ పెరట్లోని ట్రైలర్ ఇంట్లో పెంచి, బధిరుల సైగల భాష నేర్పారు. కొన్నేళ్ళలో దాదాపు 130 సైగలు వచ్చాయి. తర్వాత రోజర్ ఫౌట్స్ అనే పరిశోధకుడు దాని బాధ్యత తీసుకుని చివరిదాకా వదల్లేదు. ఆయన చెప్పిన సంఘటన ఇది. దాన్ని చూసుకునే ఒకావిడ గర్భిణి. బిడ్డ పోవడంతో ఆవిడ కొన్నాళ్ళు పనికి రాలేదు, తర్వాత తిరిగొచ్చింది. రాలేదన్న కోపంతో వాషో మొహం తిప్పుకుంది. ఆవిడ "నా బిడ్డ చనిపోయింది" అని సైగ చేసింది. వాషోకు కూడా అంతకుముందు బిడ్డలు పోయారు. అది నేల చూసి, తర్వాత ఆవిడ కళ్ళలోకి చూసి, చెంప మీద కన్నీరు కారినట్టు వేలు జార్చి "ఏడుపు" అని సైగ చేసింది. వాషో 2007లో పోయింది. అది పెంచుకున్న లూలిస్ మనుషులు నేర్పకుండానే దాన్నుంచి సైగలు నేర్చుకుంది. 2013లో లూలిస్‌ను కెనడాలోని ఫౌనా ఫౌండేషన్ అనే జంతు ఆశ్రమానికి తరలించారు.

నిమ్ కథ వేరు. 1973లో ఓక్లహోమాలో పుట్టిన రెండు వారాలకే తల్లి నుంచి తీసి న్యూయార్క్‌లో ఒక కుటుంబంలో పెట్టారు. బట్టలు తొడిగారు, టీచర్లు వస్తూ పోతూ ఉన్నారు. ఈ ప్రయోగం నడిపిన హెర్బర్ట్ టెరేస్ వీడియోలు తిరగేసి చూసి, నిమ్ ఎక్కువగా ఎదుటివాళ్ళ సైగల్నే తిప్పి చేస్తోందని 1979లో రాశాడు. నిమ్ చేసిన అన్నింట్లోకీ పొడుగు 'వాక్యం' ఇది: "ఇవ్వు నారింజ నాకు ఇవ్వు తిను నారింజ నాకు తిను నారింజ ఇవ్వు నాకు తిను నారింజ ఇవ్వు నాకు నువ్వు." వ్యాకరణం లేదన్నది శాస్త్రం. ఏం కావాలో మాత్రం స్పష్టమే.

అప్పటికి నిమ్‌ను 1977లోనే ఓక్లహోమా బోనుల్లోకి తిరిగి పంపేశారు. పుట్టాక మనుషులే తప్ప తన జాతిని ఎరగని జీవి అది. 1982లో వైద్య ప్రయోగాలు చేసే ల్యాబ్‌కు అమ్మేశారు. జనం గొడవ చేస్తే బయటికి తెచ్చి టెక్సస్‌లో ఒక జంతు ఆశ్రమంలో చేర్చారు. అక్కడా కొన్నేళ్ళు ఒంటరిగానే. తర్వాత తోడుగా సాలీ అనే చింపాంజీ వచ్చింది. 2000లో గుండెపోటుతో నిమ్ చనిపోయింది. అప్పటికి వయసు ఇరవై ఆరు. చింపాంజీకి అది సగం ఆయుష్షే.

ఇప్పుడు ఇలాంటివి చెయ్యనిస్తారా?

చాలావరకు చెయ్యనివ్వరు. మన దగ్గర 1960 జంతుహింస నివారణ చట్టం కింద ప్రత్యేక కమిటీ ఉంది. ప్రయోగం చేసే సంస్థ రిజిస్టర్ కావాలి, ముందే అనుమతి తీసుకోవాలి. అమెరికాలో 1985లో చట్టం మార్చి, కోతుల మానసిక క్షేమం కూడా చూడాలని చేర్చారు. 2015లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ తన చింపాంజీలన్నింటినీ రిటైర్ చేస్తున్నట్టు ప్రకటించింది. ఎలుకల గురించి మాత్రం ఆ అమెరికా చట్టం మాట్లాడదు, ల్యాబ్ కోసం పెంచిన ఎలుకలు దాని లెక్కలో జంతువులే కావు.

సార్, టెట్‌కు ఇవన్నీ అవసరమా?

అక్కర్లేదు. సుల్తాన్ పేరు గుర్తుంటే చాలు, అది వస్తుంది. ద్రుజోక్ పేరు ఇంతవరకు ఏ పేపర్లోనూ నేను చూడలేదు.